మా బావ మెడలో టేపు

మా బావకు దీనత్వం ఎక్కువ. ఆ సంగతి అందరికంటే ముందు ఆయనకే తెలుసు.

అలాగని నోరు తెరిచి "నేను దీనుణ్ణి" అని ఎన్నడూ అనడు. అంత తెలివితక్కువ మనిషి కాదు. ఎవరైనా ఆయన కుట్టిన కోటు తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి "అబ్బ, ఏం కుట్టారండీ!" అంటే, తల వంచుకుని "నాదేముందండీ, అంతా ప్రభువు దయ. నేనెంతటివాణ్ణి" అంటాడు. అని ఊరుకుంటాడా? ఊరుకోడు. కత్తెర చేతిలోకి తీసుకుంటాడు, మళ్ళీ కింద పెడతాడు, లేని దారప్పోగును వాళ్ళ భుజం మీంచి దులుపుతాడు. అవతలి మనిషి "భలేవారే, ఈ చుట్టుపక్కల మీ అంతటి చెయ్యి ఇంకోటుందా?" అనేదాకా కాగితం సంచీ బయటికి రాదు. ఆ రెండో పొగడ్త చెవిన పడ్డాకే కోటు మడత పెడతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే దుకాణంలో, అదే మూల, అదే స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతున్నదాన్ని. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

నేను ఆయన భార్యకు చెల్లెల్ని, అంటే ఆయనకు మరదల్ని. బావను ఆటపట్టించే హక్కు మా అక్క పెళ్ళితోపాటే నాకు వచ్చింది. అంచేత ఈ చెప్పడంలో ఉప్పూ కారం కాస్త ఎక్కువైతే తప్పు నాది కాదు, వరసది.

మా దుకాణం ఒకే ఒక్క పొడుగాటి గది. వీధి వైపు అద్దాల తలుపు, ఆ తలుపుకెదురుగా బస్సు ఆగే చోటు. లోపల రెండు మిషన్లు, ఓ ఇస్త్రీ బల్ల, బట్ట కత్తిరించే పెద్ద బల్ల, వెనకాల కర్టెన్ కట్టిన చిన్న చోటు, అందులో నిలువుటద్దం. పక్కనున్న మెట్లెక్కితే పైన రెండు గదుల్లో అక్కా బావా కాపురం. అక్క వంట చేస్తూ పాడితే కింద మిషన్ చప్పుడులోనూ వినబడేది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తలెత్తి మా కిటికీ వైపు చూసేవాళ్ళు. అక్కది అంత గొంతు. మా చర్చి సంఘంలో బృందంగా పాడే క్వయర్‌లో ముందు నిలబడి ఒంటరిగా పాడే చోటు పద్దెనిమిదేళ్ళుగా ఆమెదే.

ఆదివారం మందిరంలో బావ కూర్చునేది ఆఖరి బెంచీలో, గోడ పక్కన. "ముందుకు రండి, ముందు ఖాళీ ఉంది" అని ఎవరైనా పిలిస్తే చెయ్యి అడ్డంగా ఊపుతాడు. రెండోసారి పిలిస్తే రెండు చేతులూ ఊపుతాడు. ఎవరూ పిలవని ఆదివారం కొంచెం దిగులుగా ఇంటికొస్తాడు. ఒకసారి ఎవరో కొత్త కుటుంబంవాళ్ళు పిల్లలతో వచ్చి ఆ ఆఖరి బెంచీ నిండా కూర్చున్నారు. ముందు బెంచీల్లో బోలెడు చోటుంది. మా బావ ఆరాధన అయిపోయేదాకా గోడకి ఆనుకుని నిలబడ్డాడు గానీ ముందుకు పోలేదు. ఆరాధన అయ్యాక హాల్లో కుర్చీలు సర్దేదీ ఆయనే. పాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చేతులు కలుపుతున్నంతసేపూ చేతికి రెండేసి కుర్చీలు మోస్తాడు. పాస్టరుగారు లోపలికి వెళ్ళాక ఒక్కొక్కటే.

ఇన్ని చెప్పాను కాబట్టి ఇంకొకటి కూడా చెప్పకపోతే అన్యాయం. ఎవరింట్లోనైనా చావు జరిగిందని తెలిస్తే మా బావ చేతిలో ఉన్న పని పక్కన పెట్టి అక్కడికి వెళ్తాడు. పోయినవాళ్ళ కొలత తీసుకొచ్చి, పూట తిరిగేలోగా కొత్త బట్టలు కుట్టి, తానే తొడిగి వస్తాడు. డబ్బు తీసుకోడు. ఆ మాట ఎక్కడా ఎత్తడు. ఆ పని చేసేటప్పుడు తననెవరైనా చూస్తున్నారా అని ఆయన తల తిప్పి చూడటం నేను ఒక్కసారి కూడా ఎరగను.

ఇక టేపు. ఆయనకు పని నేర్పిన పెద్ద మేస్త్రి చనిపోయే ముందు తన మెడలోంచి తీసి ఈయన మెడలో వేసిన పసుప్పచ్చ గుడ్డ టేపు అది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ మెడ దిగలేదు, భోజనానికి తప్ప. ప్రతి శనివారం సాయంత్రం దుకాణం మూసే ముందు ఆ టేపుకో మర్యాద జరుగుతుంది. దాని మీద నీళ్ళు చిలకరిస్తాడు. ఒక కొస బల్లకి గుండుసూదితో గుచ్చుతాడు. రెండో కొస ఎడమచేత్తో బిగలాగి పట్టుకుని, కుడిచేత్తో వేడి వేడి ఇస్త్రీపెట్టె ఆ చివర నుంచి ఈ చివరకి తోస్తాడు. "టేపులో ఒక్క ముడత ఉంటే బట్టలో ఒక్క నూలు తేడా వస్తుంది మరదలా" అంటాడు. ఆ వెంటనే ఇంకో మాట: "ఇన్నేళ్ళలో నా చేతి కుట్టు విప్పాల్సిన పని పడలేదు." ఈ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం ప్రభువు దయ ప్రస్తావన రాదు.

పోయిన ఏడాది ఆయన కళ్ళజోడు మారింది. టేపు మీది సన్న అంకెలు చూడాలంటే బల్ల మీద ముక్కు ఆనించాల్సి వస్తోంది. అందుకని కొత్త బల్ల చేయించాడు. దాని అంచు పొడుగునా స్టీలు స్కేలు బిగించారు, ఒక్కో అంకె నా బొటనవేలి గోరంత. ఆ రోజు నుంచి పద్ధతి మారింది. మనిషిని కొలిచేది టేపుతో, బట్టను కొలిచేది బల్ల స్కేలుతో. ఇందులో పొరపాటు ఏముంటుందని నేనూ అనుకున్నాను.

ఆ నెలలోనే బస్సు డ్రైవరు కొత్త ప్యాంటు పట్టుకుని వచ్చాడు. మా క్వయర్‌లో బొంగురు గొంతు ఆయనదే. "నడుం దగ్గర పట్టేస్తోందండీ" అన్నాడు. బావ కళ్ళజోడు పైకి తోసుకుని, డ్రైవరు పొట్ట వైపు ఎంతో జాలిగా చూసి, "కాస్త ఒళ్ళు చేశారండీ" అన్నాడు. డ్రైవరు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నంత పని చేశాడు. "నిజమేనండీ, సీట్లో కూర్చునే ఉద్యోగం కదా" అని ఒప్పేసుకున్నాడు.

ఆ తర్వాత క్వయర్‌లో అక్క పక్కన నిలబడే నర్సమ్మ వచ్చింది. "ఒళ్ళు చేశారమ్మా." ఆ తర్వాత పాస్టరుగారు వచ్చారు. ఆయనతో ఆ మాట సూటిగా అనలేక, "వయసు మీద పడుతోంది కదండీ" అన్నాడు. పాస్టరుగారు ఆ వారం నుంచే వారానికి రెండు ఉపవాసాలు మొదలుపెట్టారు. సంఘమంతా అది భక్తి అనుకుంది. ఎవరికీ అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? కుట్టు విప్పాల్సిన పనిపడని చెయ్యి అది. ఐదు నెలలు తిరిగేసరికి మా సంఘంలో సగం మంది పొద్దున్నే పార్కు చుట్టూ ఆయాసపడుతూ నడుస్తున్నారు. మందిరంలో కేకు ముక్కలు పంచితే మిగిలిపోవడం నా జన్మలో అప్పుడే చూశాను.

మందిరం కట్టి యాభై ఏళ్ళు నిండుతున్నాయని ప్రత్యేక ఆరాధన పెట్టుకున్నారు. క్వయర్‌కి పదకొండు నీలం కోట్లు కుట్టే పని బావకే వచ్చింది. కొలతలు తీశాడు, కుట్టాడు, తొడిగి చూశాడు. పదకొండూ బిగుతే.

"పదకొండు మందీ కూడబలుక్కుని ఒకేసారి పెరిగారా బావా?" అన్నాను.

"కూర్చుని పాడే అలవాటు. ఒళ్ళు రాక ఏమవుతుంది?"

"మరి కీబోర్డు వాయించే టీచరమ్మో? ఆవిడ పుల్లలా ఉంటుందే."

"పుల్ల కూడా వానాకాలంలో ఉబ్బుతుంది" అన్నాడు గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని. "నువ్వు కాజాలు చూసుకో."

పదకొండో కోటు మా అక్కది. పైన వంటింట్లోనే తొడిగి చూశాడు. ఛాతీ దగ్గర బొత్తాం అందడానికి మొండికేసింది. "నువ్వూ పెరిగావోయ్" అన్నాడు, వాన వచ్చేలా ఉందన్నంత తేలిగ్గా.  మూడు చెంచాల చక్కెర లేనిదే టీ నోట పెట్టని మా అక్క, ఆ సాయంత్రం నుంచి చక్కెర డబ్బా మూత తియ్యలేదు. రాత్రి రొట్టె సగానికి తెగింది. వంట చేస్తూ పాడటం కూడా ఎప్పుడు ఆగిపోయిందో మేము గమనించలేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తలెత్తడం మానేశాక నాకు తట్టింది.

ఆరాధన ఇంకా పది రోజులుందనగా కోట్లు తొడుక్కుని పాడి చూసుకున్నారు. పాటలో గొంతు పైకి ఎత్తే చోటు వచ్చింది. అక్క నిండా ఊపిరి పీల్చింది. కోటు పై బొత్తాం పుటుక్కున తెగి, ఎగిరి, కీబోర్డు మీద పడింది. అది ఒక స్వరం కూడా పలికిందని టీచరమ్మ ప్రమాణం చేసి చెప్పింది. అందరూ పడీ పడీ నవ్వారు. అక్కా నవ్వింది. నేనైతే కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను.

ఇంటికి నడిచి వస్తుంటే అక్క అంది, "ఆ ముందు పాడేది నర్సమ్మకి ఇవ్వమని చెప్పానే. ఆవిడ ఒప్పుకుంది."

"ఎందుకక్కా?"

"ఇంత ఒళ్ళేసుకుని అందరి ముందూ నిలబడటం ఏం బావుంటుంది? వెనక వరసలో నిలబడి మెల్లిగా పాడతాలే."

చిన్నప్పుడు నాకు భయమేస్తే ఈ గొంతే నన్ను నిద్రపుచ్చేది. అది మెల్లిగా పాడతానంటోంది. నాకు నవ్వినందుకు సిగ్గేసింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక దారిపొడుగునా ఊరికే కోపంగా నడిచాను.

మర్నాడు మధ్యాహ్నం నిలువుటద్దం దగ్గరి కర్టెన్ మార్చాలని పొడుగు చూడబోయాను. బావ భోజనానికని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. టేపు మేకుకి వేలాడుతోంది. అడక్కుండా ముట్టుకోకూడదు, కాని ముట్టుకున్నాను. కర్టెన్ గుడ్డను బల్ల మీద పరిచి, టేపును బల్ల అంచుకి పక్కనే పెట్టాను. టేపు మీద అరవై ఉన్న చోట బల్ల మీద అరవై లేదు. అరవై రెండున్నర ఉంది. కళ్ళు నులుముకున్నాను. నలభై దగ్గర చూశాను. టేపు నలభై అంటోంది, బల్ల నలభై ఒకటీ ముప్పావు అంటోంది.

"బావా!" అని అరిచిన అరుపుకి ఆయన తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు.

చూపించాను. ఒక్క క్షణం చూసి, "బల్ల తప్పు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. "ఆ స్కేలు బిగించినవాడికి పని రాదు."

 వీధికి అవతల బొత్తాల దుకాణానికి వెళ్ళి మూడు కొత్త టేపులు తెచ్చాను. ఒక్కొక్కటీ బల్ల పక్కన పరిచాను. మూడూ బల్ల మాటే చెప్పాయి.

"ఈ కాలం సరుకు" అన్నాడు గానీ గొంతులో జీవం లేదు.

"శనివారాలు బావా" అన్నాను. "ముప్ఫై ఒక్క ఏళ్ళ శనివారాలు. తడిపి, లాగి, కాల్చి. గుడ్డ సాగదూ? ఇన్నాళ్ళూ మనిషినీ, బట్టనీ ఆ సాగిన దాంతోనే కొలిచావు కాబట్టి ఆ తప్పూ ఈ తప్పూ చెల్లిపోయాయి. బల్ల మారేసరికి బయటపడింది."

ఆయన వెళ్ళి స్టూలు మీద, అదీ నా స్టూలు మీద, కూలబడ్డాడు. తేలు కుట్టిన దొంగలా ఆ టేపు వైపే చూస్తున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు లోపల పండగలా ఉంది. ఇరవై రెండేళ్ళుగా "కాజా వంకర, కాజా వంకర" అని విన్న చెవులు నావి.

"మరదలా" అన్నాడు చివరికి. "ఎవరికీ చెప్పకు. లోపల బట్ట వదిలే కుట్టాను, రెండు రోజుల్లో కోట్లన్నీ వదులు చేసేస్తాను."

"అక్కకి?"

"అక్కకి కూడా... మెల్లిగా చెప్తాను."

"నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. అయినా నానబెడతాను. ఆ ప్రత్యేక ఆరాధన దాకా. తొమ్మిది రోజులు. ఆ తర్వాత మైకు నేనే అందుకుంటాను."

చెప్పినట్టే రెండు రోజుల్లో పదకొండు కోట్లూ వదులు చేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి తన కుట్టు తనే విప్పుకున్నాడు. ఇక్కడే అసలు తమాషా మొదలైంది. క్వయర్‌వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కోటు తొడుక్కుని, "మేము నోరు కట్టుకోలేకపోతే మీరు కష్టపడ్డారా! పైగా ఒక్క మాట అనలేదు. ఎంత మంచి మనసండీ మీది!" అని పొగడ్డం మొదలుపెట్టారు. బావ తల వంచుకోలేదు. దారప్పోగు దులపలేదు. రెండో పొగడ్త వచ్చేలోపే సంచీ చేతిలో పెట్టి, "బస్సొస్తోంది, వెళ్ళండి వెళ్ళండి" అని అందరినీ తలుపు బయటికి తోశాడు. అందులో ఇద్దరికి అసలు బస్సుతో పనే లేదు.

గురువారం పాస్టరుగారే స్వయంగా వచ్చారు. "ఆదివారం పాటకి ముందు మీరో పది నిమిషాలు మాట్లాడాలి. దీనత్వం గురించి. మన సంఘంలో ఆ మాట చెప్పడానికి మీకంటే ఎవరున్నారు?"

బావ చేతిలో సుద్దముక్క కింద పడి రెండయింది. "అయ్యో, వద్దండీ. నేనెంతటివాణ్ణి!"

జీవితంలో మొదటిసారి ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు. అప్పుడే ఎవరూ నమ్మలేదు. "ఇదిగో, ఇందుకే మీరు మాట్లాడాలి" అని పాస్టరుగారు భుజం తట్టి వెళ్ళిపోయారు.

పైన సంగతి ఇంకా ఘోరం. వదులు చేశానని బావ చెప్పకుండా ఇచ్చిన కోటు తొడుక్కుని అక్క అద్దంలో చూసుకుని మురిసిపోయింది. "చూశావుటే, చక్కెర మానేసిన ఫలితం! బొత్తాం ఎంత తేలిగ్గా పడుతోందో!" ఆ ఉత్సాహంలో రాత్రి పూట ఆ సగం రొట్టె కూడా మానేసింది. "మరి ముందు నిలబడి పాడొచ్చుగా" అంటే, "ఇంకా తగ్గాలే" అంది. బావ ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. నేను చెంచా పట్టుకుని ఎదురుచూస్తున్నాను. "ఆ ఉప్పు ఇలా అందుకో" అన్నాడు. అదే ఉప్పు ఆ వారంలో నాలుగుసార్లు అడిగాడు.

"ఎందుకు చెప్పలేకపోతున్నావు బావా?" అని శనివారం అడిగాను. ఆ శనివారం ఇస్త్రీపెట్టె వేడెక్కలేదు.

"తప్పు నాదే అని నేను ఎప్పుడూ అనలేదే" అన్నాడు. "చివరి బెంచీలో కూర్చోవడం తేలిక. కుర్చీలు మొయ్యడం తేలిక. ఈ మాట గొంతులోంచి రావట్లేదు. పొద్దున్న ప్రార్థనలో ప్రభువుకైతే చెప్పుకున్నాను. ఆయనకి ముందే తెలుసు కదా, అందుకని అది చెప్పినట్టు అనిపించలేదు."

నా దగ్గర వంద ఎత్తిపొడుపులు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. క్వయర్ నీలం కోట్లలో నిలబడింది. ముందు నర్సమ్మ, వెనక వరసలో గోడ పక్కన మా అక్క. నేను రెండో బెంచీలో కూర్చున్నాను. బాగా కనబడుతుందని. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, అందుకే కూర్చున్నాను.

పాస్టరుగారు పిలిచారు. బావ ఆఖరి బెంచీ నుంచి లేచి వచ్చాడు. అంత చిన్న మందిరంలో ఆ నడక చాలాసేపు పట్టింది. జేబులోంచి కాగితం తీసి, "దీనత్వమంటే మనల్ని మనం..." అని చదివి ఆగిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. కాగితం మడిచి లోపల పెట్టి, రెండో జేబులోంచి పసుప్పచ్చ టేపు తీశాడు.

"మరదలా, ఇలా రా. కొత్త టేపు నీ సంచీలో ఉంటుందిగా."

ఉంది. నేనే మైకు అందుకోవాల్సి వస్తే చూపిద్దామని తెచ్చుకున్నదే. అది ఆయనకెలా తెలుసో! రెండు టేపుల కొసలూ కలిపి నేను పట్టుకున్నాను, ఆయన అటు నుంచి బిగలాగి పట్టుకున్నాడు. పాతది కొత్తదాన్ని దాటి పోయింది.

"మొదటి వరసవాళ్ళకి కనబడుతోంది" అన్నాడు. "వెనకవాళ్ళకి నేను చెప్తాను. ఈ టేపు సాగిపోయింది. మిమ్మల్ని దీంతో కొలిచాను. అంకె తక్కువ చూపించింది. బట్ట కత్తిరించింది కొత్త స్కేలుతో, ఆ తక్కువ అంకె ప్రకారం. అందుకే అందరివీ బిగుతయ్యాయి. ఐదు నెలలుగా ఒళ్ళు చేశారని మిమ్మల్ని అన్నాను. మీరెవరూ ఒళ్ళు చెయ్యలేదు. దీన్ని వారం వారం లాగి సాగదీసింది నేను. తప్పు..." గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాదే. ఇది తెలిసి తొమ్మిది రోజులైంది. దాచిపెట్టి కోట్లు వదులు చేశాను. మీరు మంచి మనసంటే నోరు మూసుకున్నాను. దీనత్వం గురించి నాకు తెలిసింది ఇంతే."

 అప్పుడు క్వయర్‌లోంచి బొంగురు గొంతు వినబడింది. "అంటే, నేను ఐదు నెలలు పొద్దున్నే పార్కు చుట్టూ తిరిగిందంతా...?"

మందిరం పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. పాస్టరుగారు పొట్ట మీద చెయ్యేసుకుని, "నా ఉపవాసాలు మాత్రం వృథా పోలేదులెండి" అన్నారు గానీ ముఖం చూస్తే అంత నమ్మకంగా లేదు.

బావ నవ్వలేదు. ఆయన వెనక వరస వైపు చూస్తున్నాడు. "నువ్వు ఒక్క నూలు కూడా పెరగలేదు" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

అక్క ఉన్నచోటే ఉండి మాట్లాడింది. గొంతు పెంచలేదు. "టేపు సంగతి నాకొద్దండీ. ఇరవై ఆరేళ్ళుగా రోజూ మీ కళ్ళెదుట తిరుగుతున్నాను. పెరిగానో లేదో మీ కళ్ళకి తెలియలేదా?"

బావ ఆ టేపును చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయాడు. "తెలియలేదు" అన్నాడు. "నిన్ను చూడలేదు. అంకె చూశాను. నన్ను క్షమించు."

ఇరవై రెండేళ్ళుగా ఈ మనిషి ఎప్పుడు బోర్లా పడతాడా అని ఎదురుచూసినదాన్ని నేను. పడ్డాక, నాకు చూడబుద్ధి కాలేదు. చేతిలో కొత్త టేపు కొస అలాగే పట్టుకుని తల దించుకున్నాను. ప్రభువా, ఈయన తప్పు దొరికిందని పండగ చేసుకున్నాను, నన్నూ కాస్త చూడు అని లోపలే అనుకున్నాను.

అడుగుల చప్పుడైంది. తలెత్తి చూస్తే అక్క వెనక వరసలోంచి ముందుకు వస్తోంది. నర్సమ్మ పక్కకి జరగడమే కాదు, బతికాను బాబోయ్ అన్నట్టు గుండె మీద చెయ్యేసుకుంది. టీచరమ్మ వాయించడం మొదలుపెట్టింది. అక్క పాడింది. గొంతు పైకి ఎత్తే చోటు వచ్చినప్పుడు నిండా ఊపిరి పీల్చింది, బొత్తాం దాని చోట అది ఉంది, గొంతు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది. బావ తన చోటికి తిరిగి వెళ్దామని చూశాడు. ఆఖరి బెంచీ నిండిపోయింది. దారి లేక మొదటి బెంచీలో, అందరికీ కనబడేలా, కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక హాల్లో టీ, కేకూ ఇచ్చారు. ఒక్క ముక్క మిగల్లేదు. ఎవరో పెద్దాయన బావ చెయ్యి పట్టుకుని, "అందరి ముందూ ఒప్పుకున్నారు! ఎంత దీనత్వమండీ మీది!" అన్నాడు. బావ తల వంచాడు. "నేనెంత..." అని మొదలుపెట్టాడు. హాలుకి అటు చివర అక్క టీ కప్పు ఎత్తి పట్టుకుని ఆయన్నే చూస్తోంది. బావ నోరు మూసుకుని కుర్చీలు సర్దడానికి వెళ్ళాడు. పాస్టరుగారు అప్పటికే లోపలికి వెళ్ళిపోయారు. అయినా చేతికి రెండేసి మోశాడు. నేను కూడా వెళ్ళి ఒక పక్క నుంచి అందుకున్నాను. 

సోమవారం పొద్దున్న అక్క టీ కప్పుతో కిందికి దిగింది. మూడు చెంచాల చక్కెర, వాసన బట్టే తెలుస్తోంది. కప్పు బల్ల మీద పెట్టి, మేకుకి ఉన్న కొత్త టేపు తీసి, బావ ముందు నిలబడింది.

"చేతులెత్తండి."

"నన్నెందుకే? నా నడుం ముప్ఫై నాలుగు. పెళ్ళప్పటి నుంచీ అంతే."

"ఎత్తండి."

ఎత్తాడు. ఆయన్ని ఎవరైనా కొలవడం నేను చూడటం అదే మొదలు. అక్క టేపు చుట్టింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. అక్క కూడా ఓపిగ్గా ఆగింది. ఎంతసేపని బిగబడతాడు? వదిలాడు.

"ముప్ఫై తొమ్మిది" అంది అక్క.

బావ బల్ల వైపు చూశాడు. నా వైపు చూశాడు. "మరదలా, ఆ టేపుని ఒకసారి బల్ల పక్కన పెట్టి..." అని ఆగిపోయాడు. చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. మేకుకి పసుప్పచ్చ టేపు ముడతలతో వేలాడుతోంది.

"సరే" అన్నాడు. "రాసుకో."

కొలతల పుస్తకం తెరిచి రాసుకున్నాను.